మూడు సాళ్ళ ఖాళీ

ఆ పొద్దున భారతమ్మ పొయ్యి మీది పాలగిన్నెను వట్టి చేతులతో దించింది. మసిగుడ్డ పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. మరుపో, తొందరో! గిన్నె కింద పెట్టి చెంబుతో నీళ్ళు ముంచుకుంటుంటే అప్పుడు చూసుకుంది. కుడిచేతి వేళ్ళ చివర్లు తెల్లగా పొంగి ఉన్నాయి. మంట లేదు, చురుకు లేదు. వేళ్ళు కాలాయని కాదు, కాలినట్టు తెలియలేదని ఆమె గుండెల్లో రాయి పడింది.

గడ్డిమోపు దించి లోపలికొచ్చిన కోడలు రుక్మిణి పాలగిన్నె వంక, మసిగుడ్డ వంక, అత్త కొంగు వంక వరసగా చూసింది.

"అత్తమ్మా, చేత్తోనే దించినవా ఏంది?"

"దించితే ఏమైందిలే. నీ చేతుల్లాగా మెత్తనివా నావి? ముప్పై ఏళ్ళ పొయ్యి చూసిన చేతులు" అంటూ భారతమ్మ చెయ్యిని కొంగులో దాచుకుంది.

రుక్మిణి ఇంకేదో అనబోయి ఊరుకుంది. ఈ పిల్లతో ఇదే తంటా. అరిస్తే తిరిగి అరవొచ్చు, ఊరుకుంటే ఏం చెయ్యాలి?

బయటి నుంచి చెంచురామయ్య గొంతు వినిపించింది. "ఏమే, ముద్ద ఏదైనా ఉంటే పెట్టు. పొద్దెక్కకముందే బసవపున్నయ్య ట్రాక్టరు తోలుకొస్తాడు. వాగు దగ్గర దారి చూపించాలి."

ఆ మాటతో ఇల్లు బిగుసుకుపోయింది. మూడు రోజులుగా అంతే. ట్రాక్టరు అనే మాట వినబడితే చాలు, కోడలు కడుగుతున్న గిన్నె ఠంగుమనేది, కొడుకు వెంకటనారాయణ ఏదో పనున్నట్టు కొట్టంలోకి పోయేవాడు.

గొడవంతా వాలు చెలక గురించి. చెంచురామయ్య ముప్పై ఏళ్ళ కింద కృష్ణా దిగువ నుంచి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఈ అడవి అంచుకు వచ్చినప్పుడు, మొదట అడవి కొట్టి చేసుకున్న భూమి అది. నాలుగెకరాలు. పైన అడవి, కింద వాగు. నల్లరేగడిలో పుట్టిన మనిషి కదా, నేలంటే బాగా దున్నాలి, గడ్డ పగలాలి, పిండిలా చేతిలోంచి జారాలి అన్నది ఆయన నమ్మకం. ఏటా మూడుసార్లు దున్నించేవాడు. ఏటా వాన వచ్చి ఆ పిండినంతా వాగులో కలిపేది. మొన్నమొన్నటికి చెలకలో మట్టికన్నా గులకరాళ్ళే ఎక్కువ కనబడటం మొదలైంది.

చండ్రుగొండ నుంచి కాపురానికొచ్చిన రుక్మిణి ఆరేళ్ళు చూసి చూసి, నిరుడు నోరు విప్పింది. "మనకు కూలికొచ్చే జంపక్క వాళ్ళు అడవిల వాలు మీద ఎట్ల వేస్తరో చూడుండ్రి మామా. దున్నరు. కర్రతోని ఇట్ల పొడిచి గింజ వేస్తరు, అంతే. మనం గూడ కొయ్యకాళ్ళు పీకకుండ, సన్న కర్రుల గొర్రుతోని విత్తుదాం" అంది. పోనీలే, ఒక్క ఏడు చూద్దామని చెంచురామయ్య ఒప్పుకున్నాడు. మూడు కర్రుల కొయ్య గొర్రుకు కమ్మరి చేత సన్న కర్రులు వేయించారు. పచ్చజొన్న విత్తారు. ఎడ్లు తోలింది జంపక్క మొగుడు దూలయ్య. గొర్రు మీద ఉండే జడ్డిగంలో, అదే, మూడు గొట్టాల్లోకి గింజ జారే ఆ కొయ్యగిన్నెలో, గింజ వదిలింది భారతమ్మ.

ఆమె కాక ఇంకెవరు వదులుతారు? ఆమె చెయ్యంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు. పిడికిలి పట్టి వేళ్ళ సందుల్లోంచి గింజను అలా జార్చుకుంటూ పోతే, మొలకలు దువ్వెనతో దువ్వినట్టు వచ్చేవి. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా విత్తే రోజు బండి కట్టి పంపించేవాళ్ళు. "భారతమ్మ చెయ్యి పడితే బండరాయి కూడా మొలుస్తది" అనేవాళ్ళు.

నిరుడు మాత్రం చెలకలో జొన్న అక్కడింత ఇక్కడింత మొలిచింది. మధ్యలో ఖాళీలు, బట్టతల మీద వెంట్రుకల్లాగా. అంతే, నింద వచ్చి నేల మీద పడింది. నేల మీంచి కోడలి మీద పడింది. ఊళ్ళో నలుగురూ 'కోడలి సేద్యం' అని నవ్వితే, చెంచురామయ్య ఇంటికొచ్చి ఆ నవ్వును వడ్డీతో సహా ఆమె మీద దింపేవాడు.

ఇప్పుడు ఆమె ఇంకో మాటతో వచ్చింది. వ్యవసాయాఫీసు ఆవరణలో పెట్టె గొర్రు ఒకటి చూసిందట. అదీ ఎడ్లతో లాగేదే. కర్రులు వేలెడంత సన్నం. పైన రేకు పెట్టె, పక్కన చక్రం. చక్రం తిరుగుతుంటే పెట్టెలోంచి గింజ తానే కిందికి రాలుతుంది. దున్నక్కర్లేదు, చేత్తో వదలక్కర్లేదు. చెంచురామయ్య వినలేదు. ఆయన మాట ఇచ్చింది ట్రాక్టరు వెనక కట్టే తొమ్మిది కర్రుల ఇనుప గొర్రుకు. దాని కర్రు ఒక్కోటీ అరచెయ్యంత వెడల్పు. ముందు రెండుసార్లు నేలను తిరగదున్నితే తప్ప అది నడవదు.

జొన్నరొట్టె తుంచుతూ ఆయనే మొదలుపెట్టాడు. "అమ్మాయ్, మొహం అలా పెట్టుకుంటే ఏం లాభం? నిరుడు నీ మాట విన్నాను. నవ్వులపాలయ్యాను. ఇంక చాలు."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు మామా?" రుక్మిణి తల వంచుకునే అంది, గొంతు మాత్రం వంచలేదు. "నాలుగేండ్ల కింద దున్నిన మూడో రోజే వాన పడ్డది. వాగంత ఎర్రగ పారింది. మీరు గట్టు మీద కూసోని ఏమన్నరో యాదికి లేదా? ఇంటి గోడ కూలినా ఇంత బాధ ఉండకపోవు అన్నరు."

"అన్నాను. మట్టి పోయినా పంట వచ్చిందిగా! నీ అడవి సేద్యంలో మట్టి ఉంది, పంటేదీ?"

"నిరుడు మట్టి ఒక్క గంపెడు గూడ పోలేదు. ఆ సంగతెవరూ మాట్లాడరు."

"మట్టి వండుకుని తింటామా?" అని చెంచురామయ్య పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. ఆ నేల మీద నీ చెయ్యే ఓడిపోయిందంటే తప్పెవరిది? నీదా?"

తప్పు ఎవరిదో భారతమ్మకు తెలుసు. నిరుడు విత్తే రోజునే తెలుసు. నడుస్తూ నడుస్తూ ఒకచోట పిడికిలి విప్పి చూసుకుంటే గింజ లేదు. ఎప్పుడు అయిపోయిందో, ఎన్ని అడుగులు వట్టి పిడికిలితో నడిచిందో! ఇంకోచోట గింజ నిండుగా ఉంది, వేళ్ళు మాత్రం మూసుకునే ఉన్నాయి. జారుతోందనే అనుకుంది. వేళ్ళకు ఆ తెలివి పోయి అప్పటికే ఏడాది.

ఎవరికి చెప్పుకుంటుంది? చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒకామెకు ఇట్లాగే వేళ్ళు మొద్దుబారాయి. పెద్దరోగం అన్నారు. ఊరి చివర పాక వేసి, అందులో పెట్టి, విస్తరి దూరం నుంచి కర్రతో తోసేవాళ్ళు. ఆ కర్ర చప్పుడు భారతమ్మకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకే పెట్టె గొర్రంటే ఆమెకు వణుకు. దున్నని ఆ నేలలోనే జొన్న ఒత్తుగా మొలిచిందంటే, నిరుటి తప్పు నేలదీ కాదు, కోడలిదీ కాదని తేలిపోతుంది. మరి ఎవరిదని అడగరా? ట్రాక్టరు వస్తే ఆ బాధే లేదు. అంతా తిరగబడి మట్టిలో కలిసిపోతుంది.

"ట్రాక్టరే దిగనియ్యండి" అంది, తేలు కుట్టిన దొంగలా.

రుక్మిణి తలెత్తి అత్తను చూసింది. కోపంగా చూసుంటే బాగుండేది. జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు చూసింది.

"అమ్మ కూడా అంటోందిగా. ఇంక ఊరుకో రుక్మిణీ" అన్నాడు గడపలో నిలబడ్డ వెంకటనారాయణ.

"నువ్వు ఊరుకుంటనే ఉన్నవు గదా, ఇంటికి ఒకరు చాలు" అని మొగుడి మీద విసిరి, చెయ్యి కడుక్కుని లేచింది. "ఒక్క మాట మామా. ఆ చెలకల ట్రాక్టరు దిగితే ఈ ఇంట్ల నేను ముద్ద ముట్ట. పుట్టింటికి గూడ పోను. ఈడనే ఉంటా, ముట్ట. అంతే."

"చూద్దాం, ఎన్నాళ్ళు ముట్టవో" అని చెంచురామయ్య కండువా దులిపాడు. "భారతీ, పసుపూ కుంకుమా కొబ్బరికాయ పట్టుకుని నువ్వూ రా. కొత్త గొర్రుకు ఇంటి ఇల్లాలే బొట్టు పెట్టాలి."

మోకాళ్ళ నొప్పులని చెప్పి ఏడాదిగా భారతమ్మ ఆ చెలక మొహం చూడలేదు. ఈసారి ఆ వంక చెల్లలేదు.

వాళ్ళు చేరేసరికి ట్రాక్టరు వాగు దాటి గట్టు కింద నిలబడి పొగ కక్కుతోంది. వేంసూరు బసవపున్నయ్య, భారతమ్మకు తమ్ముడి వరస, దాని బానెట్ మీద చెయ్యేసి గుర్రాన్ని నిమిరినట్టు నిమురుతున్నాడు. "రా అక్కాయ్! చూడు, ఎట్లుందో నా పట్టపుటేనుగు! మధ్యాహ్నం అన్నం వేళకు నాలుగెకరాలూ తలకిందులు చేసి పెడతా" అన్నాడు. ఎడ్ల పక్కన దూలయ్య, అతని పెళ్ళాం జంపక్క ఈ రోజు తమకు పనుందో లేదో తెలియక నిలబడి ఉన్నారు. వెంకటనారాయణ తండ్రి వెనకే వచ్చాడు. రుక్మిణి దూరంగా గట్టు మీద కూర్చుంది.

"ముందు నేలకు పసుపునీళ్ళు చల్లి రా" అన్నాడు చెంచురామయ్య.

భారతమ్మ పళ్ళెం పట్టుకుని చెలకలోకి దిగింది. దున్నని నేల కదా, నిరుటి పంట ఎక్కడిదక్కడే ఉంది. జొన్న కొయ్యకాళ్ళు వరసలు వరసలుగా, కోసేసిన చోటల్లా బూడిదరంగు తిరిగి. కాలి కింద నేల మెత్తగా ఉంది. ముప్పై ఏళ్ళలో ఆ చెలకలో అంత మెత్తదనం ఎన్నడూ ఎరగదు. ఎండుటాకు కింద కాలివేలితో కదిపితే వానపాము మెలికలు తిరిగింది.

నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అక్కడ ఖాళీ ఉంది.

పక్క సాలు చూసింది. అక్కడే ఖాళీ. మూడో సాలు చూసింది. అక్కడే. గీత గీసి కోసినట్టు మూడు సాళ్ళలో ఒక్కసారే మొదలై, ఒక్కసారే అయిపోయింది. ఇంకో పదడుగుల అవతల మళ్ళీ అంతే. నేల తప్పయితే ఒక సాలులో మొలిచి, పక్క సాలులో మొలవదు. రాయి అడ్డమైతే ఒక గొట్టానికి అడ్డమవుతుంది. మూడూ ఒక్క చోట ఆగాయంటే గిన్నెలో గింజే పడలేదు. చెయ్యి ఆగింది. ఆమె పిడికిలి ఎక్కడెక్కడ వట్టిపోయిందో, ఎన్నెన్ని అడుగులు వట్టిపోయిందో, ఆ నాలుగెకరాల మీద రాసిపెట్టి ఉంది. వచ్చిన వాడెవడైనా చదువుకోవచ్చు.

చదివిన వాళ్ళు ఉన్నారు. ప్రతి ఖాళీలోనూ కంది మోళ్ళు నిలబడి ఉన్నాయి. ఖాళీల్లో రుక్మిణి కంది పొడిచిందని ఆమె విన్నది. 'తన చిరుగుకు తనే మాసిక వేసుకుంది' అని చెంచురామయ్య ఎగతాళి చేస్తే విన్నది. కళ్ళతో చూడటం ఇదే. జానెడుకొకటి, మూడు సాళ్ళలోనూ, ఒక్క ఖాళీ వదలకుండా. కర్రతో ఒక్కో గుంటా పొడిచి, వంగి, గింజ వేసి, మడమతో అదిమి. ఇన్ని ఖాళీల్లో వంగిన మనిషికి, ఆ ఖాళీ ఎట్లా వచ్చిందో తెలియకుండా ఉంటుందా? రైతుబిడ్డ. మొదటి ఖాళీ దగ్గరే తెలిసిపోయి ఉంటుంది.

తెలిసీ ఏడాదంతా తిట్లు తిన్నది.

వెనక ట్రాక్టరు ఒక్కసారిగా గర్జించింది. చక్రాలు గట్టెక్కుతున్నాయి.

"ఆగు! ఒరేయ్ పున్నయ్యా, ఆగరా!" భారతమ్మ చేతిలోని పళ్ళెం జారిపోయింది. పసుపంతా కొయ్యకాళ్ళ మీద పడింది. రెండు చేతులూ అడ్డంగా చాపి ట్రాక్టరుకు ఎదురు నిలబడింది.

"నీకేమైనా పిచ్చా!" చెంచురామయ్య పరిగెత్తుకొచ్చాడు. "నువ్వే కదే దిగనియ్యమన్నావ్?"

"అన్నాను. పాపిష్టిదాన్ని, అన్నాను." ఆమె రొప్పుతోంది. "నిరుడు ఓడిపోయింది నేల కాదయ్యా. నా చెయ్యి. నా చెయ్యి ఆగిపోయింది."

"నీ చెయ్యి ఆగడమేంటి! చెట్టంత కొడుకు ఎదిగాక నన్ను వెర్రివాణ్ణి చేస్తావా?"

"అయితే గింజ పట్రండి."

దూలయ్య సంచిలోంచి చెంచురామయ్య గుప్పెడు జొన్నలు తీశాడు. భారతమ్మ కుడిచెయ్యి చాపి కళ్ళు గట్టిగా మూసుకుంది. "పెట్టండి, తియ్యండి. మీ ఇష్టం. ఉందో లేదో నేను చెప్తాను."

ఆయన గింజలు పెట్టాడు. ఆమె పిడికిలి మూసింది. ఆయన ఆ పిడికిలిని మెల్లగా విప్పి, గింజలన్నీ దులిపి, మళ్ళీ మూశాడు. ట్రాక్టరు ఆగిపోయింది.

"ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి" అంది భారతమ్మ. కళ్ళు తెరిచి చూసుకుంది. వట్టి అరచెయ్యి. వేళ్ళ చివర్లు పొద్దుటి బొబ్బలతో తెల్లగా ఉన్నాయి. "చూశారా? కాలినా తెలియదు. రెండేళ్ళయింది. పెద్దరోగమేమో అని నోరు మూసుకున్నాను. నన్ను పాకలో పెడతారేమో అని ఈ పిల్లను తిట్లలో పెట్టాను."

ఆ మాట వినగానే బసవపున్నయ్య తనకు తెలియకుండానే అడుగు వెనక్కి వేశాడు. జంపక్క ముందుకొచ్చింది.

"ఏందమ్మా, గట్ల బెదిరిపోతవు? మా దూలయ్యకు రాలేదా? వీపు మీద మచ్చ చూసి దవాఖానాల బిళ్ళలిచ్చిండ్రు. పైసా తీసుకోలే. వేసుకున్నడు, పోయింది. ఏ కొంపలు మునిగినయి? ఇగో, నీ ఎడ్లు తోలుతలేడా?"

చెంచురామయ్య భుజం మీది కండువా తీశాడు. పెళ్ళాం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చంటిపిల్ల కాలికి కట్టినట్టు, బొబ్బల మీద ఒత్తుకోకుండా చుట్టాడు. "రెండేళ్ళు... నా పక్కనే కూర్చుని..." అని, మిగతాది మింగేశాడు.

గట్టు మీంచి రుక్మిణి ఎప్పుడు దిగొచ్చిందో, అత్త భుజం పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్" అన్నాడు ఆయన, ఆమె మొహంలోకి చూడలేక కంది మోళ్ళను చూస్తూ. "నీకు తెలుసు కదూ?"

"తెలుసు మామా."

"మరెందుకు చెప్పలేదు? ఏడాది పొడుగునా నోరు పారేసుకున్నానే!"

"చెప్తే అత్తమ్మ చెయ్యి పేరు పోతది. చెప్పకుంటే నా మాట పోతది. నా మాటదేముంది, ఇంకో ఏడు విత్తి తెచ్చుకుంట." రుక్మిణి కళ్ళు తుడుచుకుంది. "రోగమని నాకు తెలవదు మామా. వయసని అనుకున్న. అందుకే పెట్టె గొర్రు అడిగిన. చక్రముంటే అత్తమ్మ చెయ్యి ఎవరూ పరీక్ష చెయ్యరని."

భారతమ్మ కోడలి మెడ మీద తల ఆన్చి ఏడ్చింది. తన చెయ్యి లాక్కోవడానికి వచ్చిందనుకున్న గొర్రు, దాన్ని కప్పి ఉంచడానికి వస్తానంటోంది!

బసవపున్నయ్య గొంతు సవరించుకున్నాడు. "బావా, నా ఏనుగును వెనక్కి తిప్పనా?"

"తిప్పు. దానికి సరిపడే నేల నీ వేంసూర్లో బోలెడుంది" అన్నాడు చెంచురామయ్య. "అట్లాగే నీ అక్కని ఎక్కించుకో. పక్కా రోడ్డు దాకా దింపు. నారాయణా, నువ్వూ రా. భద్రాచలం బస్సు పట్టుకుందాం."

వెనక్కి వేసిన అడుగు గుర్తొచ్చిందేమో, బసవపున్నయ్య వచ్చి అక్క చెయ్యి పట్టుకుని మరీ ట్రాక్టరెక్కించాడు.

దవాఖానాలో డాక్టరు కళ్ళు మూసుకోమని, దూదితో, సూదితో వేళ్ళను తాకి చూశాడు. ఆమె భయపడిందే అన్నాడు. అయితే ముదరలేదని, బిళ్ళలున్నాయని, మానకుండా వేసుకుంటే నయమవుతుందని చెప్పాడు. పోయిన స్పర్శ అంతా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేనన్నాడు. చెంచురామయ్య అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "ఆమె పళ్ళెం మా పక్కన పెట్టుకోవచ్చా?" డాక్టరు నవ్వాడు. "పక్కన ఏమిటి పెద్దాయనా, ఆమె చేతి ముద్దే తినండి."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే రుక్మిణి జొన్నన్నం కలిపి అత్త ముందు పెట్టింది. "పొద్దుటి నుంచి ముట్టలే. నువ్వే పెట్టు" అని పసిపిల్లలా నోరు తెరిచింది. భారతమ్మ ఎడమచేత్తో పెట్టబోతే ఒప్పుకోలేదు. కండువా విప్పించుకుని, ఆ కుడిచేతి ముద్దే తిన్నది.

వారం తిరక్కుండా పెట్టె గొర్రు వచ్చింది. పెట్టెలో మొదటి పిడికిలి భారతమ్మే పోసింది. దూలయ్య ఎడ్లు తోలాడు. నిరుటి కొయ్యకాళ్ళ మధ్య నుంచి గొర్రు పాపిట తీసినట్టు పోయింది. వెనక్కి చూస్తే నేల కదిలిన జాడే లేదు. ఆ రాత్రే పెద్ద వాన. పొద్దున్నే చెంచురామయ్య గొడుగు కూడా లేకుండా వాగు దగ్గరికి పోయి, గంటసేపు నీళ్ళు చూసి వచ్చాడు. "తేటగా ఉన్నాయి" అన్నాడు. ఆయనకు అంతకన్నా అనడం చేతకాదు.

పదోరోజు అత్తా కోడళ్ళిద్దరూ మొలక చూడటానికి పోయారు. పచ్చటి గీతలు గట్టు నుంచి గట్టు దాకా దువ్వెన పెట్టినట్టు ఉన్నాయి. సగం చెలక నడిచాక రుక్మిణి ఆగి పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమిటే?"

"ఇగో చూడు అత్తమ్మా! నీ చెయ్యే కాదు, దీని చెయ్యి గూడ ఆగింది!"

పెట్టెలో పొట్టు అడ్డం పడిందో, చక్రం జారిందో, మూడు మూరల మేర సాళ్ళన్నీ ఖాళీ. అచ్చం నిరుటిలాగే.

రుక్మిణి కర్ర కోసం చుట్టూ చూసేలోపే, భారతమ్మ గట్టు మీద జంపక్క వదిలిన పొడుపు కర్ర అందుకుంది. కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుని కర్ర పట్టింది. ఎడమచేత్తో కోడలి కొంగుముడిలోని కందిగింజలు తీసుకుంది.

"ఉండు అత్తమ్మా, నేను పొడుస్త."

"నువ్వు నిరుడంతా పొడిచావుగా" అంది భారతమ్మ, వంగి మొదటి గుంట పొడుస్తూ. "ఈ ఖాళీ నాది."